చేసినది ఎరుగుట: కృతజ్ఞత, జాతి వివక్ష – అబ్సలోమ్ జోన్స్ రచనలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కృతజ్ఞతను గురించిన బోధ మన సంఘాలకు కొత్తది కాదు. కోత పండుగలు, కృతజ్ఞత కూడికలు, పుట్టినరోజు కానుకలు, సంవత్సరాంతపు సాక్ష్యాలు మన ఆరాధన జీవితంలో భాగంగానే ఉన్నాయి. అయితే ఇటీవల ఈ బోధకు మరొక మాట జత కలిసింది. కృతజ్ఞతను అలవరచుకున్న మనిషి పొరుగువాని పట్ల మెత్తబడతాడనీ, కాబట్టి కృతజ్ఞతను అభ్యసించే సమాజాలు జాతి వివక్షను జయించగలవనీ బోధకులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు చెబుతున్నారు.

ఈ మాటలో సత్యం ఉంది. కాని దానిని యథాతథంగా అంగీకరించబోయే ముందు లూకా సువార్త 18వ అధ్యాయం మనకు అడ్డు నిలుస్తుంది. దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు చేసినది కృతజ్ఞతా ప్రార్థనే. తాను ఇతరులవంటివాడు కానందుకు, ముఖ్యంగా దూరంగా నిలిచిన సుంకరివంటివాడు కానందుకు అతడు దేవునికి స్తుతులు చెల్లించాడు. తన జాతి గొప్పదని నమ్మే ప్రతి సమాజమూ ఈ ప్రార్థనను సంతోషంగా చేయగలదు. కాబట్టి కృతజ్ఞత ఉన్నదా లేదా అని అడిగితే చాలదు. ఎవరు, ఎవరికి, దేనిని బట్టి కృతజ్ఞత చెల్లిస్తున్నారు అని అడగాలి.

ఈ ప్రశ్నను మేము అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణంలో 1793 నుండి 1808 వరకు వెలువడిన మూడు రచనల ఆధారంగా పరిశీలిస్తున్నాము. మొదటిది మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త రాసిన పుస్తకం. రెండవది దానికి జవాబుగా అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ ఆలెన్ అనే ఇద్దరు నల్లజాతి సంఘనాయకులు రాసిన వృత్తాంతం. మూడవది 1808 జనవరి 1న జోన్స్ చేసిన కృతజ్ఞతా ప్రసంగం.

పదము, లేఖనము

కృతజ్ఞత అంటే చేసినదానిని ఎరుగుట. కృతఘ్నత అంటే చేసినదానిని చంపివేయుట. ఈ రెండు మాటల నిర్మాణంలోనే ఒక వేదాంతం ఉంది. కృతజ్ఞత మొదట ఒక జ్ఞానం, ఆ తరువాతనే ఒక భావం. ఏమి జరిగిందో, ఎవరి చేతుల ద్వారా జరిగిందో తెలుసుకొని ఒప్పుకొనడం దాని మొదటి పని. పరిసయ్యుని లోపం ఇక్కడే ఉంది. అతడు తన ఉపవాసాలను, తన పదియవ వంతులను లెక్కపెట్టాడు గాని తనకు ఇతరులు చేసిన మేలు ఒక్కటి కూడా ఎరుగడు.

లూకా 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల వృత్తాంతం దీనికి ప్రతిపక్షంగా నిలుస్తుంది. వ్యాధి ఉన్నంతకాలం యూదులు, సమరయుడు ఒకే గుంపుగా బ్రతికారు. ఊరు వారందరినీ వెలివేసింది గనుక వారిలో వారికి వెలి లేదు. శుద్ధులైన తరువాత తిరిగి వచ్చి స్తుతి చెల్లించినవాడు సమరయుడే. ప్రభువు అతనిని అన్యుడని పేర్కొని మరీ మిగిలిన తొమ్మిదిమంది ఎక్కడ అని అడిగాడు. కష్టకాలంలో కూలిన గోడలు స్వస్థత కలిగిన మరుసటి రోజునే తిరిగి లేస్తాయా? ఫిలడెల్ఫియా చరిత్రలో ఎదురయ్యే ప్రశ్న సరిగ్గా ఇదే.

పట్టణము, తెగులు, సేవ

అబ్సలోమ్ జోన్స్ 1746లో డెలావేర్ ప్రాంతంలో దాసునిగా పుట్టాడు. కష్టించి కూడబెట్టిన డబ్బుతో మొదట తన భార్యకు విడుదల సంపాదించాడు. అతనికి విడుదల దొరికింది 1784లో. 1760లో పుట్టిన రిచర్డ్ ఆలెన్ కూడా తన విడుదలను తానే కొనుక్కున్నవాడు. వీరిద్దరూ 1787లో ఫిలడెల్ఫియాలో ‘స్వతంత్ర ఆఫ్రికన్ సమాజం’ అనే పరస్పర సహాయ సంఘాన్ని స్థాపించారు.

వారు ఆరాధించిన సెయింట్ జార్జ్ మెథడిస్టు దేవాలయంలో జరిగిన సంగతి ప్రసిద్ధమైనది. ప్రార్థనలో మోకరించి ఉన్న జోన్స్‌ను, అతడు కూర్చోవలసిన స్థలం అది కాదని, ధర్మకర్తలు పట్టి లేపబోయారు. ప్రార్థన ముగిసేవరకు ఆగమని అతడు వేడుకున్నా వినలేదు. నల్లజాతి విశ్వాసులందరూ ఒక్కటిగా లేచి బయటికి నడిచారు. ఇది 1787లో జరిగిందని ఆలెన్ తన ఆత్మకథలో రాశాడు. 1792 ప్రాంతమని ఈ కాలపు చరిత్రకారులు అనేకులు భావిస్తున్నారు. మన చర్చకు ముఖ్యమైనది మరొకటి. ఆ దేవాలయపు మిద్దె వరుసల కొరకు, కొత్త నేల పరపించుట కొరకు తామూ ధారాళంగా చందాలు ఇచ్చామని ఆలెన్ గుర్తుచేశాడు. వారి చందాను స్వీకరించిన సంఘం వారి మోకాళ్లకు చోటు ఇవ్వలేదు.

1793 ఆగస్టులో పట్టణంలో పచ్చజ్వరం ప్రబలింది. అది దోమ ద్వారా వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1900లో గాని ఆ సంగతి రుజువు కాలేదు. నవంబరు నాటికి సుమారు 5,000 మంది, అంటే పట్టణ జనాభాలో దాదాపు పదింట ఒక వంతు, మరణించారు. ఫిలడెల్ఫియా అప్పుడు దేశ రాజధాని. అధికారులు, ధనవంతులు వేలాదిగా తరలిపోయారు. సొంత మనుషులే రోగిని విడిచి పారిపోతున్న ఆ సమయంలో, నల్లవారికి ఈ జ్వరం సోకదని నమ్మిన వైద్యుడు బెంజమిన్ రష్ వారి సహాయం కోరాడు. స్వతంత్ర ఆఫ్రికన్ సమాజం ముందుకు వచ్చింది. వారు రోగులకు పరిచర్య చేశారు, శవాలను మోశారు, అనాథలైన పిల్లలను చేర్చవలసిన చోట చేర్చారు. రష్ నేర్పిన పద్ధతిలో ఎనిమిది వందల మందికి పైగా రోగులకు రక్తం తీశామని జోన్స్, ఆలెన్ రాశారు. అది ఆనాటి చికిత్స.

రష్ నమ్మకం తప్పు. నల్లవారూ చనిపోయారు. పట్టణంలో 1792లో 67గా ఉన్న నల్లవారి సమాధుల లెక్క 1793లో 305కు పెరిగిందని వారి వృత్తాంతం చూపుతున్నది.

కేరీ పుస్తకము: మెచ్చుకోలులోని వివక్ష

జ్వరం తగ్గీ తగ్గక ముందే, 1793 నవంబరులో, కేరీ తెగులు చరిత్రను ప్రకటించాడు. అది బహుగా అమ్ముడుపోయి త్వరత్వరగా పునర్ముద్రణలు పొందింది. పరిచర్య చేసిన నల్లవారిలో నీచులైన కొందరు రోగుల దగ్గర అధిక ధనం గుంజారనీ, కొందరు ఇండ్లను దోచారనీ అందులో రాశాడు. న్యాయంగా చెప్పాలంటే, అతడు జోన్స్‌నూ ఆలెన్‌నూ వారి సేవ నిమిత్తం మెచ్చుకున్నాడు. ఈ మెచ్చుకోలును బట్టి కేరీ నిష్పక్షపాతి అని కొందరు అనవచ్చు.

మేము అలా అనుకొనడం లేదు. ఇద్దరిని వేరుచేసి పొగడుట, మిగిలిన వందలమందిని అనుమానానికి విడిచిపెట్టుట వివక్షకు బాగా అలవాటైన ఒక పద్ధతి. ఇది మన చెవులకూ కొత్తది కాదు. ఒక కులాన్ని గురించి తక్కువగా మాట్లాడి, “నువ్వు మాత్రం అలాంటివాడివి కాదులే” అని ఎదుట కూర్చున్నవానికి ఇచ్చే మెప్పు ఎంతమంది విని ఉండరు? అది కృతజ్ఞత రూపంలో ఉన్న కృతఘ్నత. చేసిన మేలును అది ఇద్దరి ఖాతాలో రాసి, మిగిలిన అందరి ఖాతాలలో చంపివేస్తుంది.

జోన్స్, ఆలెన్ వృత్తాంతము: పేర్లు, లెక్కలు

1794 జనవరిలో ఈ ఇద్దరూ తమ జవాబును ముద్రించారు. ఆ చిన్న పుస్తకంలో మూడు విషయాలు సంఘకాపరులు గమనింపదగినవి.

మొదటిది, వారు తమకు దక్కిన మెప్పును స్వీకరించి ఊరుకోలేదు. తమ ఇద్దరి పేర్లే చెప్పడం వలన తక్కినవారు నీచుల జాబితాలో పడే ప్రమాదం ఉందని నేరుగా ఆక్షేపించారు. తరువాత ఇతరుల పేర్లు చెప్పారు. సారా బాస్ అనే పేద విధవరాలు అనేక కుటుంబాలకు ప్రతిఫలం పుచ్చుకొనకుండా సహాయపడింది. సీజర్ క్రాంచల్ తన ప్రాణాన్ని డబ్బుకు అమ్ముకోనని చెప్పి సేవచేసి చనిపోయాడు. రోమా 16వ అధ్యాయాన్ని కేవలం పేర్ల పట్టికగా దాటిపోయేవారు ఇక్కడ ఆగాలి. ప్రిస్కిల్ల, అకుల అనే యూదు దంపతులకు తానే గాక అన్యజనుల సంఘాలన్నీ కృతజ్ఞత కలిగి ఉన్నాయని పౌలు ఆ అధ్యాయం 4వ వచనంలో రాశాడు. ఒక జాతి సంఘాలు మరొక జాతివారికి పేరుపెట్టి కృతజ్ఞత చెప్పిన వచనం అది. కృతజ్ఞత పేర్లతో మొదలవుతుంది.

రెండవది, వారు లెక్క చూపించారు. పరిచారికల కూలి పెరగడానికి కారణం వారి దురాశ కాదనీ, భయపడిన ప్రజలు పోటీపడి ఎక్కువ ఇవ్వజూపడమేననీ వివరించారు. శవపేటికలకూ మోసినవారి కూలికీ ఖర్చుపెట్టినది, తమకు అందినది చూపి, చివరకు తమ చేతినుండి సుమారు 177 పౌండ్లు పోయాయని తేల్చారు. ధనం గుంజారన్న నిందకు ఇంతకంటె మౌనమైన జవాబు ఉండదు. ఇది డబ్బు ఆశించి వేసిన పద్దు అని మేము భావించడం లేదు. జరిగినది జరిగినట్టు తెలియాలన్నదే వారి పట్టుదల. సత్యమైన లెక్క లేనిచోట కృతజ్ఞతకు నిలువనీడ లేదు.

మూడవది, పుస్తకం చివర వారు మూడు దిక్కులా మాట్లాడారు. దాసులను ఉంచుకొన్న యజమానులను గద్దించారు, తమ జాతివారికి హితవు చెప్పారు, దిక్కులేనివారి పక్షాన నిలిచిన తెల్లజాతి మిత్రులకు కృతజ్ఞతలు తెలిపారు. గద్దింపు, కృతజ్ఞత ఒకే పుస్తకంలో ఇమిడాయి. ఒకటి రెండవదాని నోరు నొక్కలేదు.

అయితే ఇక్కడ మా అభ్యంతరం కూడా ఒకటి ఉంది. తమ జాతివారికి చెప్పిన హితవులో, దాసులు యజమానుల పట్ల ప్రేమ కలిగి ఉండాలన్న సలహా కనిపిస్తుంది. దాస్యాన్ని స్వయంగా అనుభవించినవారు, తోటివారి క్షేమం కోరి చెప్పిన మాట అది. వారి ఉద్దేశాన్ని మేము శంకించము. కాని పెత్తనం చేసేవాని చేతికి ఇటువంటి మాట దొరికితే అది కొరడా అవుతుంది. మన పల్లెల్లో “మా ఉప్పు తిని మాకే ఎదురు తిరుగుతారా?” అన్న గద్దింపు తరతరాలుగా వినబడింది. చాకిరీ చేసినవాడు ఎవరు, ఆ ఉప్పును పండించినవాడు ఎవరు అన్న ప్రశ్న ఆ మాటలో ఉండదు. మన భాషలో ‘విశ్వాసం’ అన్న పదమే దేవునియందలి నమ్మికకూ, యజమానిపట్ల పనివాని విధేయతకూ వాడబడుతున్నది. పీఠం మీద నుండి ఈ పదాన్ని పలికేటప్పుడు వెనుక వరుసలో కూర్చున్నవారికి ఏ అర్థం వినబడుతుందో మనం ఆలోచించాలి. గాయపరచినవాడు గాయపడినవాని నుండి రాబట్టే కృతజ్ఞత బలవంతపు పన్ను. దానికి లేఖనాధారం లేదు.

1808 ప్రసంగము: సిగ్గులేని జ్ఞాపకము

ఆఫ్రికానుండి దాసులను దిగుమతి చేయుటను నిషేధించిన అమెరికా చట్టం 1808 జనవరి 1న అమలులోకి వచ్చింది. అప్పటికి జోన్స్ ఎపిస్కోపల్ సంఘంలో అభిషేకం పొందిన మొదటి నల్లజాతి గురువు. ఆ దినాన తన సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ దేవాలయంలో నిర్గమకాండము 3:7-8 మీద ప్రసంగించాడు. దేవుడు బాధను చూచాడు, మొరను విన్నాడు, దిగివచ్చాడు అన్న క్రమమే ప్రసంగానికి ఆధారం. ఐగుప్తులోని ఇశ్రాయేలీయుల బాధలను చెప్పి, తరువాత తన ప్రజల బాధలను ఒక్కొక్కటిగా చెప్పాడు. ఓడలు, సంతలు, కొరడాలు, విడదీయబడిన కుటుంబాలు – ఇవన్నీ కృతజ్ఞతా ప్రసంగంలోనే ఉన్నాయి. మేలును ఎరుగుటకు కీడును మరువనక్కరలేదని ఆయన గ్రహించాడు.

ఈ ప్రసంగంలో మమ్మును ఎక్కువగా ఆకట్టుకున్న భాగం ద్వితీయోపదేశకాండము 26:5కు ఆయన ఇచ్చిన అన్వయం. ప్రథమఫలం తెచ్చిన ఇశ్రాయేలీయుడు నశించబోయిన తన పితరుని జ్ఞాపకం చేసుకొనవలసి ఉన్నది. అలాగే తన శ్రోతలు కూడా, నశించబోయిన ఆఫ్రికా దాసుడే తమ తండ్రి లేక తాత అని బహిరంగంగానూ ఏకాంతంగానూ ఒప్పుకొనాలని జోన్స్ బోధించాడు. జనవరి 1ని ప్రతి యేటా కృతజ్ఞతా దినంగా ఆచరించి, పిల్లలు అడిగినప్పుడు ఈ కథ చెప్పాలని కోరాడు. పితరుల దాస్యం సిగ్గుపడవలసినది కాదు. సిగ్గుపడవలసినవారు వారిని దాసులుగా చేసినవారు. కృతజ్ఞత ఇక్కడ అణచబడినవాని తల పైకెత్తింది.

ప్రసంగంలోని ఒక వాదనను మాత్రం మేము అంగీకరించలేము. దేవుడు ఈ దాస్యాన్ని ఎందుకు అనుమతించాడన్నది మర్మమని చెబుతూ, బహుశా కొందరు సువార్తను అందుకొని తిరిగి పితరుల దేశానికి తీసుకొనిపోవుటకేమో అని ఆయన ఊహించాడు. బాధపడినవాడు తన బాధలో అర్థం వెదకుకొనే హక్కు కలిగి ఉన్నాడు. కాని ఆ అర్థాన్ని బాధపెట్టినవాడు తన సమర్థనగా ఎత్తుకొనకూడదు. దేవుడు దిగివచ్చినందుకు కృతజ్ఞత చెల్లించాలి గాని, ఫరో ఉన్నందుకు కాదు. పైగా 1808 చట్టం దిగుమతిని నిషేధించింది, దాస్యాన్ని కాదు. దాస్యం దేశమంతటా రద్దు కావడానికి 1865 వరకు పట్టింది. జోన్స్ 1818లోనే మరణించాడు. పూర్తి విడుదలను చూడకుండానే ఆయన స్తుతించాడు.

మన సంఘములకు

కులము, జాతి ఒకటి కావు. 2001లో డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక మహాసభలో కుల సమస్యను చేర్చాలని దళిత సంఘాలు కోరగా, భారత ప్రభుత్వం వ్యతిరేకించింది. ఆ చర్చను ఇక్కడ తిరగదోడడం మా ఉద్దేశం కాదు. అయితే పుట్టుకను బట్టి మనిషి మేలును కొట్టివేసే అలవాటు రెండింటిలోనూ ఒకటే గనుక, ఫిలడెల్ఫియా మనకు అద్దం కాగలదు.

2020 మార్చి 22 సాయంత్రం కోవిడ్ సేవకుల కొరకు దేశమంతా చప్పట్లు కొట్టింది. మనమూ కొట్టాము. ఆ రోజుల్లో వీధులు ఊడ్చినవారిలో, ఆసుపత్రుల చెత్త ఎత్తినవారిలో అధికులు ఏ పేటలనుండి వస్తారో మనకు తెలుసు. చప్పట్లు ఆగిన తరువాత వారి కూలి, వారి చేతి తొడుగులు, మన ఇంటి గుమ్మం దగ్గర వారికి ఇచ్చే నీళ్ల గ్లాసు ఏమైనా మారాయా? కేరీ పుస్తకం రెండువందల ఏళ్ల క్రిందటిదని అనుకుంటే పొరపాటు.

సంఘ చరిత్ర విషయంలోనూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. ఒంగోలు ప్రాంతపు ఉజ్జీవాన్ని తలచినప్పుడు మిషనరీ క్లౌ పేరు చెబుతాము. చెప్పడం న్యాయమే. కాని ఆయన 1866లో ఒంగోలులో స్థిరపడకముందే తన మాదిగ ప్రజల మధ్య సువార్తను చాటిన తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య పేరు మన వార్షికోత్సవాలలో ఎన్నిసార్లు వినబడుతుంది? మన తాత ఏ వాడలో మొదట ప్రభువును ఎరిగాడో చెప్పడానికి సిగ్గుపడి, ఇంటిపేరునూ ఊరినీ దాచిపెట్టే విశ్వాసులకు జోన్స్ ప్రసంగం ఒక పిలుపు.

పరిచర్యలో ఉన్నవారు ఈ క్రింది అభ్యాసాలను పరిశీలించవచ్చును.

మొదటిది, కృతజ్ఞత కూడికలో దాతల పేర్లతోపాటు దేవాలయం ఊడ్చేవారి, సమాధులు తవ్వేవారి, గంట కొట్టేవారి పేర్లు కూడా చదవాలి. పేరు తెలియకపోతే ముందుగా వెళ్లి అడిగి తెలుసుకొనాలి.

రెండవది, లెక్క చూడాలి. సంఘం ఎవరి చాకిరీని తక్కువ కూలికి వాడుకుంటున్నదో కమిటీ పరిశీలించాలి. మకిదోనియ, అకయ సంఘాలు యెరూషలేము పేదలకు పంపిన చందాను పౌలు రోమా 15:27లో దానమని చెప్పి విడిచిపెట్టలేదు, దానిని ఋణం అన్నాడు. ఋణం తీర్చని కృతజ్ఞత మాటగానే మిగులుతుంది.

మూడవది, అన్యాయం పొందినవారి నుండి కృతజ్ఞతను కోరకూడదు. వారి సాక్ష్యంలో ఫిర్యాదు ఉంటే, ఆ ఫిర్యాదును కూడా ఆరాధనలో భాగంగా వినాలి. కీర్తనల గ్రంథం మనకు ఆ అనుమతిని ఇచ్చింది.

నాలుగవది, ప్రభువు బల్ల. ప్రభువు రొట్టెను పట్టుకొని మొదట కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. కొరింథు సంఘంలో కలిగినవారు ముందుగా తిని, లేనివారిని సిగ్గుపరచినప్పుడు, అది ప్రభువు భోజనం కాదని పౌలు తీర్పు చెప్పాడు (1 కొరింథీ 11:20-22). బల్ల దగ్గర ఒకటై, ఇంటి భోజనం దగ్గర, పెండ్లి మాటల దగ్గర, సమాధి తోటలో వేరైపోయే సంఘం తన స్తుతిని తానే పరీక్షించుకొనాలి.

ముగింపు

కృతజ్ఞత జాతి వివక్షను జయించగలదా అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. పరిసయ్యుని కృతజ్ఞత జయించలేదు, దానిని పెంచుతుంది. చేసినదానిని పేర్లతో, లెక్కతో, కీడును దాచకుండా ఎరిగే కృతజ్ఞత మాత్రం వివక్షకు మూలమైన అబద్ధాన్ని కదిలిస్తుంది. ఒక జాతివారికి మరొక జాతివారు ఏమీ బాకీ లేరన్నదే ఆ అబద్ధం.

సెయింట్ జార్జ్ దేవాలయం మెథడిస్టులది. ఆ సంప్రదాయానికి వారసులైన యునైటెడ్ మెథడిస్టులు 2000లో తమ మహాసభలో జాతి వివక్ష పాపమును బట్టి బహిరంగంగా పశ్చాత్తాప ఆరాధన జరిపారు. మోకరించిన జోన్స్‌ను పట్టి లేపిన నాటినుండి అంతవరకు రెండు శతాబ్దాలు పైగా గడిచాయి. మన సంఘాలలో ఎవరి మోకాళ్లను మనం లేపుతున్నామో, ఎవరి చందాను పుచ్చుకొని చోటు ఇవ్వడం లేదో తెలుసుకొనడానికి అంతకాలం తీసుకొననక్కరలేదు. రాబోయే కోత పండుగకు ముందే, ఒక ఆదివారం ఆరాధన తరువాత, పెద్దలతో కూర్చొని ఆ లెక్క మొదలుపెట్టవచ్చును.